ఊరెళ్లే ముందు: కంప్యూటర్‌ని దూరం నుంచి ఆన్ చేయాలంటే

తాళం వేశాక చేసేదేమీ ఉండదు, కాబట్టి ఇవి ముందే చూసుకోండి.

– ల్యాన్ కేబుల్ పెట్టండి. వైఫైని నమ్ముకోవద్దు.
– బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్) వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ సిగ్నల్‌తో కంప్యూటర్‌ని లేపేది) ఆన్‌లో, ఈఆర్‌పీ (షట్‌డౌన్‌లో కరెంటు ఆదా చేసేది) ఆఫ్‌లో ఉండాలి.
– విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యేందుకు పూర్తిగా షట్‌డౌన్ కానివ్వని సెట్టింగ్) తీసేయండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: స్లీప్ నుంచి చక్కగా లేచే సిస్టమే షట్‌డౌన్ చేస్తే ఉలకదు, పలకదు.
– షట్‌డౌన్ చేశాక కేబుల్ పోర్టు లైటు చూడండి. ఆరిపోతే చాలావరకు నెట్‌వర్క్ కార్డుకి కరెంటు అందట్లేదన్నమాటే.
– మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) రాసుకోండి, వైఫైది కాదు, ల్యాన్‌ది. కంప్యూటర్‌ని లేపే సిగ్నల్, అంటే మ్యాజిక్ ప్యాకెట్‌లో అదే 16 సార్లు ఉంటుంది.
– కరెంటు పోయి వస్తే కొన్ని మదర్‌బోర్డులు వేక్ సంగతే మర్చిపోతాయి. కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ బయోస్‌లో పెట్టుకోండి.
– బయటి నుంచి లేపడానికి రౌటర్‌లో పోర్టు తెరవొద్దు, వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి సురక్షితమైన దారి) వాడండి.
– ఫోన్ నుంచి ఒకసారి లేపి చూశాకే బయల్దేరండి.