ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్న క్యాన్సర్ రోగికి రేడియేషన్: ముందే చూసుకోవాల్సినవి

లూపస్ ఉందనో, కీళ్లవాతం ఉందనో, అంటే శరీర రక్షణ వ్యవస్థ సొంత కణజాలం మీదే దాడిచేసే ఆటోఇమ్యూన్ జబ్బు ఉందని, క్యాన్సర్ రోగికి రేడియేషన్ వద్దనేయకూడదు. అలా వద్దంటే నయమయ్యే క్యాన్సర్‌ని చేజేతులా వదిలేసినట్టే. తేల్చుకోవాల్సింది ఏ జబ్బు, ఇప్పుడు ఎంత చురుగ్గా ఉంది, కిరణాలు పడే చోట అది ఇప్పటికే దెబ్బతీసిన అవయవం ఉందా అన్నది.

కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) అదుపులో ఉంటే అదనపు ముప్పు సాధారణంగా తక్కువే. లూపస్‌లో ముప్పు ఎక్కువ, చర్మం గట్టిపడే జబ్బైన స్క్లెరోడెర్మాలో ఇంకా ఎక్కువ: కిరణాలు పడిన చోట చర్మం, దాని కింది కణజాలం నెలలు, ఏళ్లు గడిచాక గట్టిపడి బిగుసుకుపోవచ్చు. స్క్లెరోడెర్మా ఉన్నవారికి రొమ్ము క్యాన్సర్ వస్తే, రొమ్ము ఉంచి రేడియేషన్ ఇవ్వాలా, తీసేయాలా అన్నది ఆపరేషన్‌కి ముందే మాట్లాడాలి. తర్వాతైతే ఉన్న దారులు తగ్గిపోతాయి.

అన్నిటికన్నా ప్రమాదం ఊపిరితిత్తుల్లో ఐఎల్‌డీ (ఊపిరితిత్తి కణజాలం వాచి మచ్చలు కట్టే జబ్బు) ఉండటం. రోగికి దగ్గు, ఆయాసం లేకపోయినా ఛాతీ రేడియేషన్‌కి ముందు హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని సూక్ష్మంగా చూపే సీటీ స్కాన్), డీఎల్‌సీవోతో (ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో కొలిచేది) సహా ఊపిరి పరీక్ష చేయించాలి. అప్పటికే మచ్చలున్న ఊపిరితిత్తికి రేడియేషన్ వాపు తోడైతే ప్రాణం మీదికి రావచ్చు. ఐఎంఆర్‌టీ (కిరణాల తీవ్రతను కణితి ఆకారానికి తగ్గట్టు మార్చే రేడియేషన్ పద్ధతి) అనగానే నిశ్చింతగా ఉండకండి. అది ఎక్కువ మోతాదును కణితి చుట్టూ కుదించినా, తక్కువ మోతాదును ఎక్కువ భాగానికి పరుస్తుంది. ప్లాన్‌లో ఊపిరితిత్తికి చేరే సగటు మోతాదు, 20 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) దాటే భాగం ఎంతో డాక్టర్‌ని అడగండి.

రోజువారీ మోతాదు పెరిగేకొద్దీ ఆలస్యంగా వచ్చే దెబ్బ పెరుగుతుంది. అందుకే ముప్పు ఎక్కువున్నవారికి రొమ్ము రేడియేషన్‌లో 15 విడతల్లో 40 గ్రే (రోజుకి సుమారు 2.7 గ్రే) కంటే, రోజుకి 2 గ్రే చొప్పున 25 విడతల్లో 50 గ్రే వైపు మొగ్గడమే మాకు సబబనిపిస్తుంది.

మందుల సంగతి రుమటాలజిస్ట్, రేడియేషన్ డాక్టర్ కలిసి తేల్చాలి. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కణజాలాన్ని కిరణాలకి మరింత సున్నితం చేస్తుంది కాబట్టి ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో తేదీలతో రాయించుకోండి. లూపస్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ సాధారణంగా కొనసాగిస్తారు. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ని మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు.

చర్మం ఎర్రబారడం చికిత్స చివర్లో, ముగిసిన వారం రెండు వారాల్లో ఎక్కువగా ఉంటుంది. ఛాతీకి రేడియేషన్ అయ్యాక ఆరు నెలల్లోపు పొడిదగ్గు, ఆయాసం, జ్వరం వస్తే జలుబని ఇంట్లో మందు వేసుకోకుండా వెంటనే రేడియేషన్ డాక్టర్‌కి చూపించండి.