వంటింటి బోళ్లు – 3వ పాఠం: కొత్త ఇనుప పెంకను పనికి తెచ్చుకోవడం

పోయిన రెండు పాఠాల్లో అల్యూమినియం గంజు, స్టీలు బగోనెల సంగతి చూశాం. పచ్చిపులుసు, చారు లాంటివి అల్యూమినియం గిన్నెలో రాత్రంతా ఎందుకు ఉంచకూడదో చెప్పుకున్నాం. ఈసారి పాఠమంతా ఇనుప పెంక మీదే. పాలమూరు, నల్లగొండ వైపు జొన్నరొట్టె చేసే ఇళ్లల్లో రోజూ పొయ్యెక్కేది అదే కాబట్టి దానికి ఒక పూర్తి పాఠం ఇవ్వాల్సిందే.

ముందు కొనడం. ఇనుప పెంకలు రెండు రకాలు. పోత ఇనుముది బరువుగా, మందంగా, పైన కొంచెం గరుకుగా ఉంటుంది. నిదానంగా కాలుతుంది, కాలాక ఆ వేడిని వదలదు. కింద పడితే మాత్రం పగులుతుంది. రేకు ఇనుముది తేలిక, పగలదు. కానీ పల్చటిదైతే మంటకు వంకర పోతుంది. దోసెకు పోత పెంక, రొట్టెకు మందపాటి రేకు పెంక తీసుకోమని నేను చెప్తాను. రొట్టెను చివర్లో మంట మీద పొంగించాలంటే పెంకను మాటిమాటికీ పక్కకు దించాలి. అంత బరువు రోజూ ఎత్తితే మణికట్టు పట్టేస్తుంది.

దుకాణంలో సిగ్గుపడకుండా రెండు పరీక్షలు చేయండి. పెంకను బోర్లించి అడుగు మీద స్కేలు నిలబెట్టండి. దోసె పెంకకు స్కేలు కింద సందు కనబడొద్దు. పోత పెంకనైతే పిడి పట్టుకుని గాల్లో ఉంచి చెంచాతో కొట్టండి. ఖంగుమంటే మంచిది. చప్పుడు బొంగురుగా వస్తే ఎక్కడో కంటికి కనబడని పగులు ఉండొచ్చు, పక్కన పెట్టేయండి. సైజు 10 లేదా 11 అంగుళాలు చాలు. మామూలు గ్యాస్ పొయ్యికి అంతకన్నా పెద్దది తెస్తే నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి.

ఇక అసలు పని. కొత్త పెంక మీద మొదటి రోజే దోసె పోస్తే అతుక్కుంటుంది. అది పెంక తప్పు కాదు. ఇనుము మీద ఇంకా పొర కట్టలేదు. నూనె బాగా వేడెక్కినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, దాని అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టిపడతాయి. అప్పుడిక అది నూనె కాదు, సబ్బుకు కూడా అంత తేలిగ్గా పోదు. పాత పెంకల మీద కనిపించే నల్లటి నునుపు అదే. కుసుమ నూనె, పొద్దుతిరుగుడు నూనె త్వరగా గట్టిపడతాయి. పల్లినూనె కొంచెం నిదానం. కొబ్బరినూనె, నెయ్యి ఈ పనికి రావు. మన వైపు అందరి ఇంట్లో పల్లినూనె ఉంటుంది కాబట్టి దానితోనే చేయండి, ఒకటి రెండు పూతలు ఎక్కువ వేస్తే సరిపోతుంది.

మొదట వేడినీళ్లు, సబ్బు, ఇనుప పీచుతో గట్టిగా తోమండి. తుప్పు పట్టకుండా కంపెనీ వాళ్లు పూసిన జిడ్డు, ఒక్కోసారి నల్లరంగు కూడా పోవాలి. తెల్ల గుడ్డతో తుడిస్తే మరక అంటనంత వరకు తోమాలి. ఇంత గట్టిగా తోమడం మళ్లీ ఎప్పుడూ చేయొద్దు. వెంటనే తుడిచి, పొయ్యి మీద పెట్టి తడి మొత్తం ఆర్పండి.

ఇప్పుడు కిటికీలు తీసి పెట్టండి, పొగ వస్తుంది. గోరువెచ్చటి పెంకకు అర చెంచా నూనె లోపల, బయట, పిడి దాకా రాయండి. తర్వాత ఇంకో పొడి నూలు గుడ్డ తీసుకుని రాసిందంతా తుడిచేయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నూనె మిగలకపోతే ఎట్లా అని. కంటికి కనబడనంత మిగిలితే చాలు. గోడకు సున్నం వేసినట్టే ఇది, పల్చటి పూత వేసి, ఆరాక ఇంకోటి వేయాలి. నూనె ఎక్కువైతే పొర గట్టిపడదు, వేలు పెడితే జిగురుగా అంటుతుంది.

తుడిచాక మధ్యరకం మంట మీద పెట్టండి. రిఫైన్డ్ పల్లినూనెకు దగ్గర దగ్గర 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొగ మొదలవుతుంది, గానుగ నూనెకు అంతకన్నా ముందే వస్తుంది. గ్యాస్ మంట గుండ్రంగా తగులుతుంది కాబట్టి పెంకను జరుపుతూ అంచులను కూడా మంట మీదికి తేవాలి. రంగు చూస్తూ ఉండండి. బూడిదరంగు ఇనుము మొదట లేత గోధుమరంగుకు, తర్వాత ఇటుక రంగుకు తిరుగుతుంది. పొగ తగ్గాక మంట ఆర్పి చల్లారనివ్వండి. ఇట్లా ఐదారు సార్లు చేస్తే నలుపు దిగుతుంది. ఒకే రోజు చేయాలని లేదు, రోజుకు రెండు పూతలు వేసుకున్నా సరే. ఆఖర్న ఉల్లిగడ్డ ముక్కలు నూనెలో నల్లబడేదాకా గోలించి పారేయండి. మిగిలిన ఇనుప వాసన కూడా పోతుంది.

రొట్టె పెంకను, దోసె పెంకను ఒకటి చేయకండి. జొన్నరొట్టెకు నూనె ఉండదు. పెద్ద మంట మీద ఉత్త పెంక కాలుతుంది, పైనుంచి తడి చెయ్యి తగులుతుంది. ఆ ఎండు వేడికి నూనె పొర కాలిపోతుంది. పొద్దున రొట్టెలు చేసి సాయంత్రం అదే పెంక మీద దోసె పోస్తే చిరిగిపోయేది అందుకే. నాన్‌స్టిక్ పెంక మీద రొట్టె చేయడం ఇంకా చెడ్డది. ఆ పూత 260 డిగ్రీలు దాటితే విడిపోవడం మొదలవుతుంది, ఉత్త పెంక అంత వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

వేడి చూసుకోవడం కూడా ఇప్పుడే నేర్చుకోండి. దోసె పెంక మీద నాలుగు నీటి చుక్కలు చల్లండి. చుయ్యిమని ఆరిపోతే పిండి పోయొచ్చు. చుక్కలు గోళీల్లా దొర్లితే వేడి ఎక్కువైంది, తడిగుడ్డతో ఒకసారి తుడవండి. రొట్టె పెంక మీదైతే చిటికెడు జొన్నపిండి వేయండి. నిదానంగా ఎర్రబడితే సరి, వేయగానే నల్లబడితే మంట తగ్గించాలి.

కడగడం గురించి. మన దగ్గర బోరు నీళ్లు సౌడు నీళ్లు. పెంకను కడిగి అట్లనే బోర్లిస్తే తెల్ల మచ్చలు తేలతాయి, వాటి చుట్టూ తుప్పు మొదలవుతుంది. ఆ తెలుపు ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం. దాన్ని చూసి ఫ్లోరైడ్ అని భయపడేవాళ్లు నల్లగొండలో చాలామంది. ఫ్లోరైడ్ కంటికి కనబడేది కాదు, నీళ్లు మరిగించినా పోదు. పెంక వరకు మీరు చేయాల్సింది ఒక్కటే: కడగగానే తుడిచి, ఒక నిమిషం మంట మీద పెట్టడం. కాలుతున్న పెంక మీద చల్లనీళ్లు పోయకండి, పోతది పగులుతుంది, రేకుది వంగుతుంది. రాత్రంతా సింకులో నానబెట్టొద్దు. బోళ్లు తోమే అక్క ఉంటే పెంకను ఆమె ముందు వేయకుండా మీరే పక్కకు తీసి పెట్టుకోండి.

చింతపండు పులుసు, టమాట కూర ఇనుప మూకుట్లో వండితే నల్లబడతాయి, పొర కూడా తింటాయి. ఇనుప పాత్రలో వండితే కూరలోకి కొంత ఇనుము చేరే మాట నిజమే, పులుపు వంటల్లో ఇంకా ఎక్కువ. అట్లని రక్తం తక్కువున్నవాళ్లు డాక్టరు ఇచ్చిన మాత్రలు మానొద్దు.

ఇంట్లో తుప్పు పట్టిన పాత పెంక ఉంటే పారేయకండి. చింతపండు గుజ్జు, దొడ్డుప్పు కలిపి రుద్ది, పావుగంటలోపే కడిగి, మంట మీద ఆర్పి, మొదటి పూత నుంచి మొదలుపెట్టండి.

ఈ వారం అభ్యాసం: ఆరు పూతలు వేయండి. ప్రతి పూత తర్వాత చల్లారిన పెంకను వేలితో తాకి నునుపుగా ఉందా, జిగురుగా ఉందా రాసిపెట్టుకోండి. జిగురైతే నూనె వేయకుండా మళ్లీ కాల్చండి. వచ్చే పాఠం ఇత్తడి గిన్నెలు, కలాయి గురించి. అటక మీది ఇత్తడి గిన్నె ఒకటి దించి, లోపలి తెల్లపూత ఎక్కడెక్కడ పోయిందో చూసి ఉంచండి.