మొండి పిల్లికి కొత్త తిండి అలవాటు చేయడం ఎలా?

ముందే ఒక మాట. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని ఎవరైనా సలహా ఇస్తే, పిల్లి విషయంలో మాత్రం ఆ మాట వినకండి. కుక్కకు చెల్లుతుంది. అన్నం దగ్గర మారాం చేసే పిల్లాడికీ చెల్లుతుంది. పిల్లికి చెల్లదు. ఎందుకో కింద వివరంగా రాశాను. మిగతాదంతా వదిలేసినా సరే, ఆ భాగం మాత్రం చదవండి.

మా ఇంట్లో ఇప్పుడు మూడున్నాయి. ముసలమ్మకు 14 ఏళ్ళు, గండుకు 6 ఏళ్ళు, చిట్టికి 4 నెలలు. బ్రాండు బజార్లో దొరక్కపోవడం, డాక్టరు కిడ్నీ తిండి (కిడ్నీ జబ్బున్న పిల్లులకు పెట్టే ప్రత్యేక తిండి) రాయడం, ఎవరో వదిలేసిన పిల్లిని పెరుగన్నం నుంచి మాన్పించడం, ఇలా ఏదో ఒక కారణంతో ఏడాదికొకసారైనా తిండి మార్చాల్సి వస్తూనే ఉంటుంది.

పెరుగన్నం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. "మా అమ్మమ్మ ఇంట్లో పిల్లి పాలన్నం తినే పదేళ్ళు బతికింది" అని ప్రతివాళ్ళూ అంటారు. బతికింది, కాదనను. కానీ పాలన్నం మీద కాదు. అటక మీద ఎలుకలు, గోడ మీద బల్లులు, పెరట్లో పిట్టలు, వాటి మీద బతికింది. టారిన్ అనే పదార్థం పిల్లి ఒంట్లో చాలినంత తయారు కాదు, సహజంగా మాంసంలోంచే రావాలి. అది తక్కువైతే గుండె కండరం బలహీనపడుతుంది, చూపు పోతుంది. గుండె జబ్బుతో పోతున్న పిల్లుల్లో టారిన్ తక్కువగా ఉందని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చారు, ఆ తర్వాతే కంపెనీలు తిండిలో దాన్ని పెంచాయి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో తలుపులు వేసుకుని పెరుగన్నం పెడితే, ఆ పిల్లికి ఎలుక ఎక్కడ దొరుకుతుంది?

సామాను

పిల్లికి రెండు చొప్పున అంచు తక్కువున్న వెడల్పాటి స్టీలు పళ్ళాలు, తిండి తూయడానికి వంటింటి డిజిటల్ కాటా, మనుషులు ఎక్కి బరువు చూసుకునే కాటా, గోడ క్యాలెండరు, పెన్ను. అంతే. ప్లాస్టిక్ గిన్నెలు పారేయండి. గీతలు పడ్డ ప్లాస్టిక్‌లో పాత జిడ్డు వాసన ఉండిపోతుంది. పింగాణీ కూడా బాగుంటుందని కొందరంటారు, నా ఓటు మాత్రం స్టీలుకే. చీమలు పట్టకుండా పళ్ళేన్ని నీళ్ళు పోసిన పెద్ద పళ్ళెంలో పెట్టండి.

కొత్త తిండి అతి చిన్న ప్యాకెట్ కొనండి. డిస్కౌంటు ఉందని ఏడు కిలోల బస్తా తెచ్చుకుని, పిల్లి మూతి తిప్పేస్తే వీధి కుక్కలకు పోసినవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు. పైగా మా కాకినాడ ఉక్కకు, తెరిచిన డ్రై ఫుడ్ నెల తిరక్కుండానే ముక్కిపోయిన వాసన కొడుతుంది. ప్యాకెట్ మీద "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని ఉందో లేదో చూడండి. "కాంప్లిమెంటరీ" అని ఉంటే అది చిరుతిండి, దాని మీద పిల్లిని బతికించలేరు. కుక్కల తిండి అసలే వద్దు.

మార్చే ముందు వారం

పళ్ళెం నిండా డ్రై ఫుడ్ పోసి ఆఫీసుకు వెళ్ళిపోయే అలవాటుంటే ముందు అది మానుకోవాలి. రోజంతా గింజ గింజా కొరికే పిల్లికి ఆకలి అంటూ ఉండదు, ఆకలి లేని పిల్లి కొత్తదాన్ని ముట్టదు. పాత తిండినే పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి పెట్టి, అరగంటకు పళ్ళెం తీసేయండి. కూనకైతే రోజుకు నాలుగుసార్లు. వారంలో గడియారం చూడకుండానే అవే వచ్చి మీ కాళ్ళ చుట్టూ తిరుగుతాయి.

ఇదే వారంలో ప్రతి పిల్లి రోజుకు ఎన్ని గ్రాములు తింటుందో రాసుకోండి. నాలుగు కిలోల పిల్లికి డ్రై ఫుడ్ సుమారు 50 నుంచి 60 గ్రాములు సరిపోతుంది. పిల్లి బరువు కూడా రాయండి. మీరు పెద్ద కాటా ఎక్కి చూసుకుని, తర్వాత పిల్లినెత్తుకుని ఎక్కితే తేడా తెలిసిపోతుంది. పదేళ్ళు దాటిన పిల్లి ఉంటే తిండి జోలికి వెళ్ళేముందే డాక్టరుకు చూపించి, పళ్ళు, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలుసుకోండి. మనం మొండితనం అనుకునేది చాలాసార్లు పన్ను నొప్పి.

ఎవరికి ఎంత

ఇంటర్నెట్ నిండా ఒకటే లెక్క కనిపిస్తుంది: రెండు రోజులు పావు వంతు, రెండు రోజులు సగం, రెండు రోజులు ముప్పావు, ఏడో రోజుకు పూర్తిగా కొత్తది. చిట్టి లాంటి కూనకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కూనలు కనిపించినదల్లా రుచి చూస్తాయి. ఆ వయసులో రెండు మూడు రకాలు, డ్రై, వెట్ రెండూ అలవాటు చేస్తే జీవితాంతం మీకు సుఖం. ఏడాది నిండేదాకా కూనల తిండి గానీ, అన్ని వయసులకూ అని రాసి ఉన్నది గానీ పెట్టండి. ముసలి పిల్లులది మాత్రం పెట్టకండి.

గండుకు ఆ లెక్క కుదరదు. వాడికి మూడు వారాలు పడుతుంది. 60 గ్రాముల్లో కొత్తది చెంచాడు, అంటే 5, 6 గ్రాములు, దాంతో మొదలు. నాలుగు రోజులు అదే. తర్వాత పావు, సగం, ముప్పావు, ఒక్కో మెట్టు మీద నాలుగైదు రోజులు. విరోచనం పట్టుకుంటే ఒక మెట్టు దిగి రెండు రోజులు ఆగండి. రక్తం పడినా, పదే పదే వాంతులైనా డాక్టరు దగ్గరికే.

ముసలమ్మకు నెల, ఒక్కోసారి నెలన్నర. దానికి నేను అసలు కలపను. ఇక్కడే చాలామంది నాతో వాదనకు దిగుతారు. ముసలి పిల్లి పాత తిండిలో కొత్త వాసన తగిలితే, కొత్తదాన్ని ఏరి పక్కన పెట్టి ఊరుకోదు, పాతదాన్ని కూడా అనుమానించడం మొదలుపెడుతుంది. ఉన్న ఒక్క తిండీ చెడగొట్టుకున్నట్టవుతుంది. అందుకని రెండు పళ్ళాలు. ఒకదాంట్లో పాతది ఎప్పటిలాగే, పక్కన ఇంకోదాంట్లో కొత్తది చెంచాడు. ముట్టకపోతే పోనీండి. వారం పది రోజులు ఆ వాసన దాని అన్నం పక్కన ఉండటమే మనకు కావాల్సింది. ఒక పూట వెళ్ళి నాకుతుంది. అప్పుడు పాతది చెంచాడు తగ్గించండి.

వాసనే అంతా. మనిషి నాలుక మీద రుచి మొగ్గలు వేలల్లో ఉంటే పిల్లికి వందల్లోనే ఉంటాయి. తీపి అయితే దానికి తెలియనే తెలియదు. (మా అత్తయ్య పెట్టే బిస్కెట్ ముక్క కోసం ఎగబడేది చక్కెరకు కాదు, వెన్నకు.) కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసిన వెట్ ఫుడ్ చల్లగా పెట్టి "తినట్లేదు" అనకండి. పౌచ్‌ను ఐదు నిమిషాలు వేడి నీళ్ళలో ముంచి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి. చంటిపిల్లల పాలంత గోరువెచ్చగా ఉండాలి. డ్రై ఫుడ్ అయితే రెండు చెంచాల వెచ్చటి చికెన్ ఉడికించిన నీళ్ళు పోయండి. ఆ నీళ్ళలో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, కూర పులుసు "కొంచెమే" అని వేసినా తప్పే.

ఇంకొకటి నా సొంత చిట్కా. పాత డ్రై ఫుడ్‌ను మిక్సీ చిన్న జార్‌లో పొడి చేసి డబ్బాలో పెట్టుకోండి. ఇడ్లీ మీద కారప్పొడి చల్లినట్టు దాన్ని కొత్త తిండి మీద చల్లండి. డ్రై ఫుడ్ తప్ప ఇంకేదీ ముట్టని పిల్లిని వెట్ ఫుడ్‌కు తిప్పడానికి దీన్ని మించింది నాకు కనపడలేదు.

అసలు ప్రమాదం: మానేసిన రోజు

సగం దాటేదాకా అంతా సాఫీగా సాగుతుంది. సగం నుంచి ముప్పావుకు వెళ్ళే రోజుల్లో, ఒక పొద్దున పిల్లి పళ్ళెం దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, మలం కప్పెట్టినట్టు ముందు కాలితో నేలను రెండుసార్లు గీరి వెళ్ళిపోతుంది. ఇక్కడే మనుషులకు పట్టుదల వస్తుంది. "నేను లొంగను, చూద్దాం ఎన్నాళ్ళుంటుందో" అంటారు.

ఆరేళ్ళ పిల్లి, ఆరున్నర కిలోలు, ఒకప్పుడు నా దగ్గర ఉండేది. నేనూ అలాగే అన్నాను. మొదటి రోజు మానేసింది. రెండో రోజు నీళ్ళు తాగి పడుకుంది. మూడో రోజు సాయంత్రం నిమురుతుంటే చెవి లోపలి చర్మం పసుపు రాసినట్టు కనిపించింది. ట్యూబ్‌లైటు వెలుతురేమో అనుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. చిగుళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయి. ఆ తర్వాత మెడ దగ్గర ట్యూబు వేయించి, నెల దాటి రోజుకు ఐదుసార్లు సిరంజితో తిండి ఎక్కించాల్సి వచ్చింది. బతికింది. దాని అదృష్టం, నా తెలివి కాదు.

జరిగేది ఇది. పిల్లి తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. ఆ కొవ్వును వేగంగా వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు, అది అక్కడే పేరుకుపోతుంది. కాలేయం దెబ్బతింటే వికారం మొదలవుతుంది, వికారంతో ఆకలి ఇంకా చస్తుంది. అంటే మూడో రోజున అది మొండికేసి తినకపోవడం కాదు, తినాలన్నా తినలేదు. బొద్దుగా ఉన్న పిల్లికి ఈ ముప్పు ఎక్కువ. "బాగా కండ ఉంది, రెండ్రోజులు ఉండగలదు" అనుకోవడం సరిగ్గా తలకిందులు లెక్క.

అందుకే మా ఇంట్లో గంటల లెక్క ఉంటుంది. పెద్ద పిల్లి ఒక పూట మానేస్తే ఏమీ చేయను. రెండో పూట కూడా ముట్టకపోతే ఓడిపోయానని ఒప్పుకుని పాత తిండి పూర్తిగా పెట్టేస్తాను. ఆ పాతదాన్ని కూడా ముట్టకుండా, చివరిసారి తిన్నప్పటి నుంచి 24 గంటలు దాటితే డాక్టరుకు ఫోన్. కూనకు అంత గడువు లేదు, 12 గంటలు తినకపోతే ఎత్తుకుని వెళ్ళడమే. వాటి ఒంట్లో నిల్వ ఉండేదే కొంచెం. రోజూ కాస్త కొరుకుతోంది కదా అని కూడా నమ్మకండి. మామూలుగా తినేదాంట్లో సగం కంటే తక్కువ మూడు రోజులు తింటే నా క్యాలెండరులో అదీ మానేసినట్టే లెక్క. గ్రాములు రాసుకోమన్నది ఇందుకే.

ఒక్కటి కంటే ఎక్కువ పిల్లులున్న ఇంట్లో ఇంకో మోసం ఉంది. మూడు పళ్ళాలూ ఖాళీగా కనిపిస్తాయి, మూడూ తిన్నాయనుకుంటాం. మా ఇంట్లో ఒకసారి మూడు పళ్ళాలూ గండే ఖాళీ చేశాడు, ముసలమ్మ ఫ్రిజ్ మీద కూర్చుని చూస్తూ ఉంది. కాబట్టి ఈ నెల రోజులూ ముసలమ్మకు పడగ్గదిలో, చిట్టికి వంటింట్లో, గండుకు హాల్లో, తలుపులు వేసి పెట్టాలి. అరగంట తర్వాత మిగిలింది కాటా మీద పెట్టి రాయాలి. వారానికోసారి బరువు చూడాలి.

తిననప్పుడు చేయకూడనివి కూడా ఉన్నాయి. నోరు తెరిచి సిరంజితో కొట్టకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది, బతికినా ఆ తిండి వాసనంటే జన్మంతా భయపడుతుంది. మందుబిళ్ళ కొత్త తిండిలో దాచకండి, ఒక్క చేదు పలుకు చాలు, నెల శ్రమ బూడిదలో పోస్తుంది. డాక్టరు కిడ్నీ తిండి రాశాడని, వాంతులతో ఉన్నరోజే అది పెట్టకండి. ఆ వికారానికి ఈ తిండే కారణమని పిల్లి ముద్ర వేసేస్తుంది. ముందు ఏదో ఒకటి తిని తేరుకోనివ్వండి, మార్పు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరునే అడగండి.

ఓడిపోయి పాత తిండికి వెళ్ళారా? నాలుగు రోజులు కొత్తదాని ఊసెత్తకండి. తర్వాత ఏ మెట్టు మీద ఆగిందో దానికి ఒక మెట్టు కింద నుంచి మళ్ళీ. రెండుసార్లు ఇలాగే అయితే ఆ తిండి దానికి నచ్చలేదని అర్థం, ఇంకో రుచి చూడండి. కోడి వద్దన్న పిల్లి చేప అనగానే పరుగెత్తుకొస్తుంది. (ఎండు నెత్తళ్ళు మాత్రం కాదు, అందులో ఉప్పు చాలా ఎక్కువ.)

ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండాలి. మీరు హాల్లో గ్రాములు తూస్తుంటే, వంటింట్లో "పాపం, చిక్కిపోయింది" అంటూ ఎవరో పాలు పోస్తుంటారు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఆ విరోచనాలను మీరు కొత్త తిండి ఖాతాలో రాసి, బంగారం లాంటి తిండిని మానిపించేస్తారు.

మూడూ పూర్తిగా కొత్తదానికి వచ్చాక కూడా పాత ప్యాకెట్‌లో గుప్పెడు గింజలు గాలి చొరబడని డబ్బాలో నెల్లాళ్ళు దాచి ఉంచండి. ముసలివి ఒక్కోసారి మూడో వారంలో ఉన్నట్టుండి మనసు మార్చుకుంటాయి. ఆ డబ్బా ఎక్కడ పెట్టారో మాత్రం మీ అత్తయ్యకు చెప్పకండి.