వంజంగి ఎక్కేవాళ్లు సంచిలో ఒక పొడి బనియన్ పెట్టుకోండి

డిసెంబరు, జనవరిల్లో వైజాగ్ నుంచి రాత్రికి రాత్రి బయలుదేరి పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఒక మాట. బీచ్ రోడ్డు చలిని బట్టి అక్కడి చలిని అంచనా వేయకండి. 1000 మీటర్ల ఎత్తు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది, పైగా కొండ మీద గాలి.

చలికన్నా తడితోనే ఎక్కువ ఇబ్బంది. ఎక్కుతుంటే చెమటకి కాటన్ చొక్కా వీపుకి అతుక్కుపోతుంది, గడ్డి మీది మంచుకి ప్యాంటు అంచులు నానిపోతాయి. పైకెళ్లి సూర్యోదయం కోసం కూర్చోగానే వణుకు పట్టుకుంటుంది. అందుకే స్వెటర్ తీసేసి ఎక్కండి. పైకి చేరగానే, ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే, తడి చొక్కా విప్పి పొడి బనియన్, దాని మీద స్వెటర్ వేసుకోండి, చెవులకి మఫ్లర్ చుట్టండి. బనియన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టడం మర్చిపోవద్దు. పిల్లలుంటే ముందు వాళ్లకి మార్చండి, చలేస్తోందని వాళ్లు వెంటనే చెప్పరు.

పొగమంచు కమ్మితే కాలిబాట వదలొద్దు, ఫొటోల కోసం అంచుకి అసలే వెళ్లొద్దు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని వాతావరణ శాఖ చెబితే మాత్రం ప్రయాణం వాయిదా వేసేయండి. వానపడితే ఆ మట్టిదారి బాగా జారుతుంది, ఘాట్ రోడ్డు మీద చీకట్లో ఏమీ కనబడదు.