పాత పత్రికల్లో వెతకాలంటే ఆనాటి మాట పట్టుకోవాలి

1883 ఆగస్టు 27న ఇప్పటి ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. దూరాన ఉన్నవాళ్లు ఆ రోజు ఏమనుకున్నారో వాళ్ల మాటల్లోనే చదవాలనిపించి ట్రోవ్ తెరిచాను. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే సైట్ అది. పాత పత్రికల పేజీలు ఫొటోలుగా ఉంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. క్రకటోవా అని కొట్టి, తేదీలు ఆగస్టు చివరి వారానికి పెట్టాను. నాకు కావలసింది ఒక్కటీ రాలేదు.

మర్నాటికి గానీ వెలగలేదు. చప్పుడు విన్నవాళ్లకి అది అగ్నిపర్వతమని తెలియదు కదా! ఎక్కడో ఫిరంగులు పేలుతున్నాయనుకున్నారు. దాదాపు 4,800 కిలోమీటర్ల అవతల, హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ దీవిలో ఉన్న పోలీసు అధికారి జేమ్స్ వాలిస్ కూడా ఫిరంగి మోతలాగే ఉందని రాసిపెట్టాడు. అందుకని మీరూ ముందు ఆ రోజు మనిషి నోట వచ్చే మాట ఊహించండి. ఇక్కడైతే 'గన్స్', 'ఫైరింగ్'. తర్వాత ఊళ్ల పేర్లు, అవీ అప్పటి పేర్లే. జకార్తా అని కొడితే లాభం లేదు, బటేవియా అనాలి.

తేదీలు మరీ బిగించకండి. టెలిగ్రాం వార్త వెంటనే వస్తుంది గానీ, ఓడలో వచ్చే ఉత్తరానికి వారాలు పడుతుంది. జరిగిన రోజు నుంచి కనీసం మూడు నెలలు చూడండి. అగ్నిపర్వతం ఎగజిమ్మగా సముద్రంలో తేలుతున్న తేలికపాటి నురుగురాళ్ల (ప్యూమిస్) మధ్యనుంచి ఓడ నడిపిన కెప్టెన్ల కబుర్లు పెద్ద వార్తల్లో కాదు, ఓడల రాకపోకల కాలమ్‌లో ఓ మూల ఉంటాయి. అందుకే దొరికిన వార్త ఒక్కటే చదివి మూసేయకుండా పేజీ మొత్తం తెరవండి. నాకు బాగా పనికొచ్చినవి అలా పక్కన దొరికినవే.

ఇంకో చిక్కు ఓసీఆర్. మనం వెతికేది ఫొటోలో కాదు, ఆ ఫొటో చూసి మెషీన్ టైపు చేసుకున్న అక్షరాల్లో. ఇంగ్లీషులో 'హర్డ్' (heard) అన్న మాటలో హెచ్ మీద సిరా కాస్త అలుక్కుంటే మెషీన్ దాన్ని బి అనుకుంటుంది, 'విన్నారు' కాస్తా 'గడ్డం' (beard) అవుతుంది. ఒక మాటకి ఏమీ రాకపోతే అసలు లేదని తేల్చేయకండి, అదే వార్తలో ఉండగల మరో రెండు మూడు మాటలు వేసి చూడండి. చేతిరాత కాగితాలకైతే చాలాచోట్ల ఈ సౌకర్యమే ఉండదు. కేటలాగు వివరణ చదివి, ఒక్కో పేజీ తిప్పుకోవాల్సిందే.

పత్రిక చెప్పినదాన్ని మరోచోట సరిచూసుకోండి. ఈ పేలుడు మీద లండన్ రాయల్ సొసైటీ 1888లో పెద్ద నివేదిక వేసింది, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతుంది. చప్పుడు ఎక్కడ, ఎన్ని గంటలకు వినిపించిందో చోటువారీగా అందులో ఉంది. వాలిస్ మాటలూ అక్కడివే.

దొరికిన ప్రతిదానికీ పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు, శాశ్వత లింకు అప్పటికప్పుడే రాసుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కటీ చాలదు. ట్రోవ్‌లో తప్పుగా పడిన అక్షరాలను ఎవరైనా దిద్దవచ్చు. నేను ఆ 'గడ్డం' తీసేసి 'విన్నారు' అని సరిచేశాకే ట్యాబ్ మూశాను.