ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్‌కి అప్లికేషన్ ఎలా వేయాలి?

డిసెంబరు వచ్చిందంటే నా ఫోన్‌కి మోటివేషన్ లెటర్లు, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే లేఖలు, రావడం మొదలవుతుంది. "అక్కా, ఎల్లుండే లాస్ట్ డేట్, ఒక్కసారి చూసి పెట్టవా" అంటారు. చూస్తాను. ఎక్కువ లెటర్లలో మొదటి వాక్యం చదవగానే పని జరగదని తెలిసిపోతుంది. మంచి మార్కులు, మంచి ప్రాజెక్టు, నాలుగేళ్ల కష్టం అన్నీ ఉన్న పిల్లలు ఒక్క పేజీ దగ్గర తప్పిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. నేను ఇదే దారిలో వెళ్లొచ్చాను. ఆ తర్వాత చాలామంది అప్లికేషన్లు దగ్గరుండి వేయించాను. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎరాస్మస్ ముండస్ అంటే యూరోపియన్ యూనియన్ డబ్బుతో 2004 నుంచి నడుస్తున్న జాయింట్ మాస్టర్స్ కోర్సులు. కనీసం మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి ఒకే కోర్సు నడుపుతాయి. స్టూడెంట్ కనీసం రెండు దేశాల్లో చదవాలి. కోర్సు ఏడాది నుంచి రెండేళ్ల దాకా ఉంటుంది. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు కట్టక్కర్లేదు, ఇన్సూరెన్స్ వాళ్లే చూసుకుంటారు, చేతికి నెలకు 1,400 యూరోలు వస్తాయి. అలా గరిష్ఠంగా 24 నెలలు ఇస్తారు. విమానం టికెట్టు, వీసా ఖర్చు, ఇంటి అద్దె అన్నీ అందులోంచే పెట్టుకోవాలి. వయసు పరిమితి లేదు. ఫైనల్ ఇయర్‌లో ఉండి కూడా వేయొచ్చు.

మొదటి పని: కోర్సు ఎంచుకోవడం

కోర్సుల జాబితా యూరోపియన్ యూనియన్ సైట్‌లోనే ఉంటుంది. ఇంకెక్కడా వెతకొద్దు. దేశాన్ని చూసి కోర్సు ఎంచుకోకండి. సిలబస్ చూసి ఎంచుకోండి. ఎక్కువ కోర్సులు అక్టోబరు నుంచి జనవరి మధ్యలో అప్లికేషన్లు తీసుకుంటాయి, కాబట్టి సెప్టెంబరు కల్లా మూడు కోర్సులు ఖాయం చేసుకోవాలి. మూడే. ఇంతకుముందు ఏడాదికి మూడింటికి మించి వేయకూడదని నిబంధన ఉండేది, ఇప్పుడు ఎన్నైనా వేయొచ్చు. అయినా మీరు మూడు దాటకండి. పది కోర్సులకు వేసినవాళ్ల లెటర్లు పదీ ఒకేలా ఉంటాయి, ఒక్కదానిలోనూ ప్రాణం ఉండదు.

మూడేళ్ల బీఎస్సీ, బీఏ, బీకామ్ చదివినవాళ్లు "మాది నాలుగేళ్ల డిగ్రీ కాదు కదా" అని ముందే వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. యూరప్‌లో చాలాచోట్ల బ్యాచిలర్ డిగ్రీ మూడేళ్లే. వాళ్ల లెక్కలో ఏడాదికి 60 క్రెడిట్లు, మూడేళ్లకు 180. కోర్సు పేజీలో 180 క్రెడిట్లు చాలని ఉంటే, మీ డిగ్రీని ఒప్పుకుంటారా అని కోఆర్డినేటర్‌కి ఒక్క మెయిల్ పెట్టండి. వాళ్లు కాదనకముందే మీకు మీరే కాదని చెప్పుకోవద్దు.

రెండో పని: కాగితాలు

పాస్‌పోర్టు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే మెమో), ప్రొవిజనల్, ట్రాన్‌స్క్రిప్ట్ (విదేశాలకు పంపేందుకు యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రం), ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు, యూరోపాస్ (యూరోపియన్ యూనియన్ వాళ్ల సీవీ నమూనా) ఫార్మాట్‌లో సీవీ, అడిగితే నివాసం రుజువు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ రావడానికి వారాలు పడుతుంది, ఆగస్టులోనే పెట్టుకోండి. పేరు మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు చాలాసార్లు ఒక్క అక్షరంగానే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. అప్లికేషన్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, అన్ని ఫారాల్లోనూ ఒకేలా.

మూడో పని: రికమెండేషన్ లెటర్లు

ఎక్కువ కోర్సులకు రెండు కావాలి. పెద్ద పేరున్న హెచ్‌ఓడీ కంటే మీ ప్రాజెక్టు దగ్గరుండి చూసిన లెక్చరర్ మేలు. మన కాలేజీల్లో చాలామంది సార్లు "నువ్వే రాసుకురా అమ్మా, సంతకం పెడతా" అంటారు. రాసుకెళ్లకండి. రెండు లెటర్లూ మీరే రాస్తే రెండింటి భాషా ఒకటే అవుతుంది, మోటివేషన్ లెటర్ భాషా అదే అవుతుంది, చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. దానికి బదులు మీరు చేసిన నాలుగు పనులు, వాటి తేదీలు ఒక కాగితం మీద రాసిచ్చి, "సార్, మీకు గుర్తున్నది రాయండి" అని అడగండి. లెటర్ కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉండాలి, మెయిల్ కాలేజీ ఐడీ నుంచి వెళ్లాలి.

ఇంతవరకు శ్రద్ధ ఉంటే ఎవరైనా చేయగలరు. అసలు పని ఇక్కడి నుంచే.

నాలుగో పని: మోటివేషన్ లెటర్

కంప్యూటర్ మూసేయండి. తెల్ల కాగితాలు, పెన్ను తీసుకోండి. మొదటి డ్రాఫ్ట్ తెలుగులో, చేత్తో రాయాలి. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చదివి చదివి అరిగిపోయిన వాక్యాలే చేతికి వస్తాయి. ఏఐ టూల్‌తో మొదలుపెడితే అవే వాక్యాలు ఇంకాస్త నునుపుగా వస్తాయి. అమ్మకు చెబుతున్నట్టు తెలుగులో రాస్తే మీరు నిజంగా ఏం చేశారో బయటికి వస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. లిస్బన్, డెల్ఫ్ట్, డ్రెస్డెన్‌లలోని సంస్థలు కలిసి నడిపే గ్రౌండ్‌వాచ్ అనే కోర్సు ఉంది, భూగర్భ జలాల మీద. అనంతపురం వైపు అమ్మాయి, బీటెక్ సివిల్, దానికి లెటర్ రాసి పంపింది. మొదటి వాక్యం: చిన్నప్పటి నుంచి తనకు నీటి వనరుల మీద ఎనలేని ఆసక్తి. రెండో వాక్యం: ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన మీ విశ్వవిద్యాలయాల్లో చదవడం తన కల. నేను ఫోన్ చేశాను.

"మీ ఇంట్లో బోరు ఉందా?"

"మూడు వేశాం అక్కా. రెండు ఎండిపోయినాయి."

"ఎక్కడ వేయాలో ఎవరు చెప్పారు?"

"కొబ్బరికాయ పట్టుకుని చూసే పెద్దాయన వచ్చినాడు. కాయ అరచేతిలో పెట్టుకుని తోటంతా తిరిగినాడు. అది నిలబడిన చోట మా నాయన సున్నంతో గుర్తు పెట్టినాడు. ఆరు వందల అడుగులు పోయినా తడి మట్టి కూడా రాలేదు. చీనీ చెట్లు కొట్టేసినాం."

"తర్వాత నువ్వేం చేశావు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం తమ ఊళ్లో పదకొండు బోర్లలో ఆరు నెలలపాటు నీటిమట్టం కొలిచిందట. టేపు చివర బరువు కట్టి దింపడం, తడి ఎంతవరకు అంటిందో చూడటం, నోట్‌బుక్‌లో రాసుకోవడం. పక్కపక్కనే ఉన్న రెండు బోర్ల మధ్య మట్టంలో అంత తేడా ఎందుకుందో తను చదివిన పుస్తకాల్లో దొరకలేదు. గ్రానైట్ పగుళ్లలో నీళ్లు ఎలా కదులుతాయో లెక్కగట్టడం తనకు రాదు. ఇంత ముఖ్యమైన విషయం లెటర్‌లో ఒక్క ముక్క లేదు! సీవీలో మాత్రం ప్రాజెక్టు పేరు ఉంది.

ఆ ఫోన్ కాల్లోనే లెటర్ మొత్తం ఉంది. మొదటి పేరాలో ఆ టేపు, ఆ పదకొండు బోర్లు. రెండో పేరాలో తనకు అంతుచిక్కని ప్రశ్న. మీ లెటర్ కూడా ఇలాగే నడవాలి. మీ చేత్తో చేసిన ఒక్క పని, అది చేస్తుండగా మీకు అడ్డం పడిన ప్రశ్న. ఆసక్తి ఉందని చెప్పక్కర్లేదు, ఆరు నెలలు ఎండలో తిరిగినవాళ్లకు ఆసక్తి ఉన్నట్టే.

మూడో పేరా అన్నింటికంటే కష్టం. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. మామూలు మాస్టర్స్ లెటర్‌లో "ఈ యూనివర్సిటీ ఎందుకు" అని చెబితే చాలు. ఇక్కడ "ఈ దారి ఎందుకు" అని చెప్పాలి. మొదటి సెమిస్టర్ ఒక దేశంలో, రెండోది ఇంకో దేశంలో ఎందుకు పెట్టారో మీకు అర్థమైందా అని సెలెక్షన్ చేసేవాళ్లు చూస్తారు. మూడు యూనివర్సిటీల పేర్లు వరసగా రాసి మూడూ గొప్పవే అంటే కుదరదు. కోర్సు పేజీలో ఒక్కో సెమిస్టర్ సబ్జెక్టులు చదవండి. ఒక్కో చోటు నుంచి ఒక్క సబ్జెక్టు తీసుకోండి. మీ ప్రశ్నలో ఏ ముక్క ఎక్కడ తేలుతుందో రాయండి. ఇది రాయలేకపోతే ఆ కోర్సు మీది కాదు, వేరేది చూసుకోండి.

నాలుగో పేరా: తర్వాత ఏం చేస్తారు? "దేశానికి సేవ చేస్తాను" అని రాయకండి. ఏ ఆఫీసులో, ఏ పని? ఆ అమ్మాయి రాసింది ఇది: జిల్లాలో బోరు వేసే ముందు రైతు చూసుకోగలిగే మ్యాపులు తయారుచేసే పనిలో ఉండాలని ఉంది, అందుకు భూగర్భ జల శాఖలో చేరాలనుకుంటున్నాను.

ఇక చేయకూడనివి. ఇంటి కష్టాలు చెప్పి జాలి అడగొద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఇన్‌కమ్ సర్టిఫికెట్ పెట్టి పెట్టి మనకు ఇది అలవాటైపోయింది. ఇది మెరిట్ స్కాలర్‌షిప్, ఇంటి ఆదాయంతో పని లేదు. ఎండిపోయిన బోరు గురించి రాయండి, కానీ మీకు ప్రశ్న అక్కడ పుట్టింది కాబట్టి రాయండి. బ్యాక్‌లాగ్స్ ఉంటే దాచొద్దు, ఒక్క వాక్యంలో కారణం చెప్పి ముందుకు వెళ్లండి. రెండు పేజీలు రాయొచ్చన్నా ఒక పేజీలో ముగించండి. పంపే ముందు ఇంకో కోర్సు పేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమో చూడండి. నా చేతికి వచ్చిన లెటర్లలో ఇది ఎన్నిసార్లు దొరికిందో! అది చూశాక ఆ లెటర్‌ని ఎవరూ ముందుకు చదవరు.

తెలుగు డ్రాఫ్ట్ కుదిరాక రెండు రోజులు పక్కన పెట్టి, అప్పుడు ఇంగ్లిష్‌లో రాయండి. చిన్న వాక్యాలు రాయండి. తర్వాత గట్టిగా పైకి చదవండి. ఊపిరి అందని చోట వాక్యం విరగ్గొట్టండి.

కన్సల్టెన్సీ వాళ్లతో రాయించుకోవచ్చు కదా అని అడుగుతారు. నేనూ మొదట ఒక కన్సల్టెన్సీకే వెళ్లాను. "ఇవన్నీ ఐఐటీ వాళ్లకే వస్తాయమ్మా" అని చెప్పి, డబ్బు కట్టించుకుని, ఫీజు కట్టి చదవాల్సిన వేరే కోర్సుకి అప్లికేషన్ వేయించారు. ఒక ఏడాది పోయింది. చాలా కన్సల్టెన్సీలకు కమిషన్ వచ్చేది ఫీజు కట్టే స్టూడెంట్ మీదే. ఫీజే లేని కోర్సు గురించి వాళ్లు మీకు ఎందుకు చెబుతారు? పైగా టేపు దింపి నీటిమట్టం చూసింది మీరు, వాళ్లు కాదు.

ఐదో పని: పంపడం, ఎదురుచూడటం

లాస్ట్ డేట్‌కి వారం ముందే పంపండి. గడువు యూరప్ టైమ్‌లో ఉంటుంది, చివరి రాత్రి సైట్ నెమ్మదిస్తుంది. ఫలితాలు ఎక్కువగా వసంతంలో వస్తాయి. రిజర్వ్ లిస్టులో పేరు వస్తే టెన్షన్ పడకండి, వద్దనుకున్నవాళ్ల సీట్లు కిందికి దిగుతాయి. ఆ అమ్మాయి సీటు అలా వచ్చిందే. మెయిల్ రోజూ చూసుకుని, అడిగిన గడువులోపు జవాబివ్వండి.

వీసా మొదటి దేశానికి తీసుకోవాలి, లాంగ్ స్టే వీసా. రెండో దేశానికి మారేటప్పుడు ఏ కాగితాలు కావాలో దేశాన్ని బట్టి మారుతుంది, కోఆర్డినేటర్‌ని ఒక సెమిస్టర్ ముందే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సూట్‌కేసులో వేయకండి, భుజాన వేసుకునే సంచిలో పెట్టుకోండి. అవి పోతే డూప్లికేట్ కోసం మన యూనివర్సిటీ పోలీసు రిపోర్టు, అఫిడవిట్ అడుగుతుంది. ఆ పని లిస్బన్‌లో కూర్చుని చేయించుకోవడం చాలా కష్టం.