కారు తాళం అందగానే నంబరు ప్లేటు ఫోటో

మ్యూనిక్‌లో అద్దె కారు తీసుకుని ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ మీదుగా స్లొవేనియాలోని బ్లెడ్ సరస్సుకు వెళ్లేటప్పుడు, హైవే సుంకం కట్టి తీసుకునే పాసు ‘విన్యెట్’ ముందే కొనకపోతే, దాని కోసం సరిహద్దుల దగ్గర రెండుసార్లు ఆగి వరుసలో నిలబడాలి. సెలవు రోజుల్లో అది నిజంగా విసుగు.

తాళం చేతికి రాగానే నంబరు ప్లేటు ఫోటో తీయండి. కాంట్రాక్టులో ఆ రెండు దేశాల పేర్లు ఉన్నాయా చూడండి, లేకపోతే అక్కడే రాయించండి. తరువాత పార్కింగ్‌లోనే ఫోను తీసి ఆస్ట్రియాకు అక్కడి హైవే సంస్థ అస్ఫినాగ్ సైటులో 10 రోజుల విన్యెట్, స్లొవేనియాకు అక్కడి హైవే సంస్థ దార్స్ సైటులో వారం విన్యెట్ కొనండి. మధ్యవర్తుల సైట్లు అదనపు రుసుము వేస్తాయి, వాటి జోలికి పోవద్దు. ఇలా ఆన్‌లైన్‌లో కొన్న విన్యెట్ ప్లేటు నంబరుకే నమోదవుతుంది, అద్దానికి అంటించేది ఏమీ ఉండదు. అందుకే సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ తేడా, ప్లేటు ఏ దేశానిదో, ప్రారంభ తేదీ ఏమిటో ఫోటో పక్కన పెట్టుకుని మరీ సరిచూడండి. దారిలో వచ్చే టౌయెర్న్, కరవాంకెన్ సొరంగాల రుసుము మాత్రం వేరే.

దారిలో కారు చెడిపోయి ఇంకో కారు ఇస్తే పాత విన్యెట్ దానికి చెల్లదు. కొత్త ప్లేటుకు మళ్లీ కొన్నాకే హైవే ఎక్కండి.